రెండు దీపాల కుర్చీ

పౌర్ణమి టాకీస్, వెన్నెలపాడు, చంద్రుడు
హాలు దినచర్య పుస్తకం. రాస్తున్నది ఆపరేటరు నళిని.

నిండు భూమికి ఇంకా 15 రోజులు

గాలి జల్లెడలు దులిపాను. రెండు బకెట్ల కాగితం ముక్కలు వచ్చాయి. హీరో తెర మీదికి రాగానే కాగితాలు ఎగరేసే అలవాటును మా పెద్దవాళ్లు కోనసీమ నుంచి భద్రంగా మూటగట్టుకుని ఇక్కడికి తెచ్చారు. ఇక్కడ దేని బరువైనా ఆరో వంతేనన్న సంగతి మాత్రం వాళ్లకు తట్టలేదు. ఎగరేసిన కాగితం నేల మీదికి దిగేసరికి ఒక పాట సగం అయిపోతుంది. ఈలలు వేసేది వాళ్లు, ఊడ్చేది నేను.

ఎవరి మనసు ఎటు వాలుతుందో చెప్పే మా వాటం కుర్చీని ఏటా పైపైనే తుడుస్తుంటాను. మీటల దాకా విప్పి తుడిచింది ఇవాళే మొదటిసారి. రెండు దీపాల మీటల మధ్య ఒక చింతగింజ ఇరుక్కుని ఉంది. ఎవరో మహానుభావుడు చింతపండు చప్పరిస్తూ కూర్చుని ఉంటాడు. భూమి నుంచి వచ్చిన గింజ కదా, పారేయడానికి మనసొప్పలేదు. డబ్బాలో మట్టి పోసి పాతాను.

నిండు భూమి రోజున మా అక్క కూతురు తరళకు చూపు పండగ. ఇరవై ఒకటి నిండాయి. కుర్చీలో కూర్చోబెట్టి ఒక పాట వేస్తాం. పిల్ల కళ్లు ఎవరి మీద నిలుస్తున్నాయో, గుండె ఎవరిని చూసి దడదడలాడుతోందో కుర్చీ కనిపెడుతుంది. హీరో మీదైతే ఆకుపచ్చ దీపం, హీరోయిన్ మీదైతే పసుపు దీపం. ఆ రంగు కార్డు చేతికొస్తుంది. ఇక జన్మంతా ఆ కార్డు పెట్టిన కళ్లద్దాల్లోంచే సినిమా. ఆకుపచ్చ వాళ్లకు హీరో నిగనిగలాడుతూ కనిపిస్తాడు, హీరోయిన్ ఒక మూల మసకగా కదులుతుంటుంది. పసుపు వాళ్లకు ఆమె నిగనిగ, అతను మసక. ఆడపిల్లకు పసుపు వచ్చినా మగపిల్లాడికి ఆకుపచ్చ వచ్చినా మా ఊళ్లో ఎవరూ మొహం చిట్లించరు. ఆ రంగు లడ్డూ తిని, చేతులు తుడుచుకుని ఇంటికి వెళతారు. ఏ రంగు లడ్డూలు చేయించాలో ముందే ఊహించడం తల్లుల సరదా. మా అక్క ఆకుపచ్చవి చెప్పేసింది.

14 రోజులు

ఉదయం పరీక్ష. రోజూ తలుపులు తెరవగానే ఆపరేటరు కుర్చీలో కూర్చుని, పాట వేసుకుని, తన కార్డు రంగు దీపం వెలిగిందని పుస్తకంలో రాయాలి. నాది ఆకుపచ్చ. పదహారేళ్లుగా ఆకుపచ్చ, ఆపరేటరుగా ఈ ఆరేళ్లూ ప్రతి ఉదయం ఆకుపచ్చ.

ఇవాళ రెండూ వెలిగాయి.

నియమాల పుస్తకం నాలుగో పేజీ: "రెండు దీపములును వెలిగినచో కుర్చీ చెడినట్లు భావించవలెను." భావించాను. కుర్చీ చెడింది.

నిండు భూమి రోజునే ఇనస్పెక్టరు వస్తున్నాడు. చెడిన కుర్చీ ఉన్న హాలుకు తాళం వేస్తారు. ఊరి కమిటీ వాళ్లు ఈ హాలులో పుట్టగొడుగులు పెంచాలని నాలుగేళ్లుగా కొలతలు తీసుకుంటున్నారు. ఊరంతటికీ ఉన్నది ఈ ఒక్క హాలు. నాకున్నది ఈ ఒక్క ఉద్యోగం. తరళకున్నది ఒక్క పండగ.

ఇనస్పెక్టరు గారూ, మీరు ఈ పుస్తకం చదువుతున్నట్లయితే ఈ పేజీ తిప్పేయండి.

12 రోజులు

తీగలు మార్చాను. రెండూ వెలిగాయి. దిండు మార్చాను. రెండూ వెలిగాయి. ఉపవాసం ఉండి కూర్చున్నాను, టీ తాగి కూర్చున్నాను, హీరోయిన్ వచ్చినప్పుడు కళ్లు మూసుకుని కూర్చున్నాను. కళ్లు మూసుకున్నప్పుడు పసుపు ఇంకాస్త ముందుగా వెలిగింది. కుర్చీకి నా మీద ఏదో కోపం ఉంది. కుర్చీ చెడింది.

10 రోజులు

ఆవలిగట్టు నుంచి మెకానిక్ వచ్చింది. ఆవలిగట్టంటే చంద్రుడికి అటువైపు ఊరు, అక్కడివాళ్లకు భూమి కనబడదు. పేరు మెహరున్నీసా. నలభై ఏళ్లుంటాయి. చెవి వెనక స్క్రూడ్రైవరు పెట్టుకుంటుంది, మరిచిపోయి దానికోసం హాలంతా వెతుకుతుంది. మూడోసారి వెతుకుతున్నప్పుడు చెప్పాను.

"ముందే చెప్పొచ్చు కదండీ," అంది.

"మీరు వెతుకుతుంటే బాగుందండి," అన్నాను. అలా ఎందుకన్నానో నాకు తెలియదు.

తను కూర్చుంది. పసుపు ఒక్కటే వెలిగింది. "పుట్టినప్పట్నుంచీ ఇంతే," అంది నవ్వుతూ. క్యాంటీన్ ఆవిణ్ణి పిలిచి కూర్చోబెట్టాం. ఆకుపచ్చ ఒక్కటే. వరసగా తొమ్మిది మందిని కూర్చోబెట్టాం. ఒక్కొక్కరికి ఒక్కొక్కటే.

నేను కూర్చున్నాను. మెహర్ వంగి, నా మోచేతి దగ్గర తీగను సరిచేసింది. పసుపు దీపం వెలిగింది.

"నళిని గారూ," అంది, "పాట ఇంకా వెయ్యలేదండీ."

కుర్చీ చెడింది. బాగా చెడింది.

9 రోజులు

మెహర్ చేతులు తుడుచుకుని చెప్పేసింది. "కుర్చీకి ఏ రోగమూ లేదండీ. ఇద్దర్నీ చూసి మీ గుండె కొట్టుకుంటోంది. అది ఉన్నమాట చెప్తోంది, అంతే."

"నాకు పెళ్లయిందండీ. రఘునందన్‌తో పదేళ్లు కాపురం చేశాను. అతను నీళ్ల ప్లాంటు పని మీద ధ్రువం వైపు వెళ్లాడు, నేను ఈ హాలు వదిలి వెళ్లలేకపోయాను. అందుకే విడిపోయాం. అంతేగాని ప్రేమ లేక కాదు."

"లేదని నేనన్నానా?"

అనలేదు. అయినా నేను చెబుతూనే ఉన్నాను. అతను తల దువ్వుకునే తీరు నాకెంత ఇష్టమో, ధ్రువానికి వెళ్లే బండి ఎక్కినప్పుడు ఎంత ఏడ్చానో అన్నీ చెప్పాను. తను స్క్రూలు బిగిస్తూ ఓపిగ్గా విన్నది. అంతా అయ్యాక, "అయితే ఆకుపచ్చ అబద్ధం కాదు. మరి పసుపు అబద్ధమని ఎవరు చెప్పారు మీకు?" అని అడిగింది.

ఎవరూ చెప్పలేదు. కార్డు మీద లేదు, అంతే. నేను కార్డును నమ్మాను.

7 రోజులు

తరళ వచ్చింది. టిఫిను తెచ్చానంది గాని డబ్బాలో ఏమీ లేదు.

"పిన్నీ, ఒకటడుగుతాను, అమ్మకి చెప్పకూడదు. మొన్న నువ్వు జల్లెడలు దులుపుతుంటే నేను కుర్చీలో కూచున్నాను."

"పండగ కాకుండా కూర్చోకూడదే!"

"తెలుసు. రెండూ ఎలిగాయి." గోళ్లు కొరుక్కుంటూ నావైపు చూసింది. "నిజం చెప్పు. కుర్చీ చెడిందా, నేను చెడ్డానా?"

మామూలుగా మాటకు మాట అంటించే పిల్ల. అలా బితుకుబితుకుమంటూ నిలబడటం ఇంతకుముందెప్పుడూ చూడలేదు. కుర్చీ చెడిందనబోయాను. ఆ మాట ఈ పుస్తకంలో ఇన్ని రోజులుగా రాస్తున్నాను కదా, నోటికి అదే వస్తోంది.

"కనుక్కుని చెబుతాను," అన్నాను. పిరికి మాట అన్నానని తెలుసు.

5 రోజులు

గంగరాజు బాబాయ్ దగ్గరికి వెళ్లాను. నాకు ముందు ముప్పై ఏళ్లు ఆయనే ఆపరేటరు. ఇప్పుడు గాజు షెడ్డులో గోంగూర పెంచుతున్నాడు. ఒంటరివాడు. ఆయన కార్డు ఆకుపచ్చ. ఎవరో ఒకతను ఉండేవాడని, చాలా ఏళ్ల కిందట పోయాడని ఊళ్లో చెప్పుకుంటారు.

"బాబాయ్, కుర్చీలో రెండు దీపాలూ వెలుగుతున్నాయి," అన్నాను.

ఆయన గోంగూర కోయడం ఆపాడు. "గింజ తీసేశావేంటే?"

"ఏ గింజ?"

"ఏ గింజేంటి? చింతగింజ! రెండు మీటల మధ్యా నేనే పెట్టాను. ఒకటి లేచిందంటే రెండోది లెగదు. మన పరీక్ష పాటలో ముందు హీరో వస్తాడు కదా, రెండూ ఉన్నోళ్లకి ఆకుపచ్చే పడద్ది. ఎవుడికీ అనుమానం రాదు."

 బుట్ట బోర్లించుకుని కూర్చున్నాను. ఆయన తలవంచుకుని, కోసిన ఆకులను మళ్లీ మళ్లీ సర్దుతూ మిగతాది చెప్పాడు. గింజకు ముందు కూడా రెండు వెలిగేవాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో వచ్చేవారట. ఈయన మీట మీద బొటనవేలు అడ్డం పెట్టి ఒకటి ఆపేసేవాడట.

"మరి నాది?"

"నీ పండగ రోజు మీ అమ్మ నా రెండు చేతుల్లోనూ లడ్డూలెట్టింది. బొటనవేలు ఖాళీ లేదు. రెండూ ధగధగా ఎలిగిపోయాయి. జనం చూసేలోపు పాట ఆపేశాను. ఏ కార్డు ఇవ్వాలో తెలీలేదే అమ్మా. చేతిలో చూశాను. ఆకుపచ్చ లడ్డూలు. ఆకుపచ్చ ఇచ్చేశాను. మర్నాడే గింజ పెట్టాను."

లడ్డూలు. నా జీవితాన్ని రెండు లడ్డూలు తేల్చేశాయి. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది, కోపం మాత్రం చాలాసేపటికి గాని రాలేదు.

"ఎందుకు చేశావు బాబాయ్?"

"రెండెలిగితే కుర్చీ తీసుకుపోతారు. హాలు మూసేస్తారు. రెండూ ఉన్నోళ్లకి ఒక్క రంగుంటే బతకడం తేలికని కూడా అనుకున్నాను. నేనలాగే బతికాను కదా."

అప్పుడు అర్థమైంది. ముప్పై ఏళ్ల పాటు ప్రతి ఉదయం ఆయన ముందు బొటనవేలు, తర్వాత గింజ ఎవరికోసం అడ్డం పెట్టుకున్నాడో.

వచ్చేటప్పుడు గోంగూర కట్టతో పాటు ఇంకో చింతగింజ నా చేతిలో పెట్టాడు. "ఇనస్పెక్టరు ఎల్లేదాకా ఉంచు. తరవాత తీసేద్దువుగాని."

3 రోజులు

పాత గింజ మొలకెత్తింది. రెండాకులు. కొత్త గింజ నా జేబులో ఉంది. రోజుకు పదిసార్లు తడిమి చూసుకుంటున్నాను.

లెక్క చాలా సులువు. గింజ పెడితే హాలు నిలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది, తరళకు ఆకుపచ్చ కార్డు వస్తుంది. పిల్ల నాలాగే ముప్పై ఏడేళ్లు వచ్చేదాకా తనలో సగాన్ని మసకగా చూసుకుంటుంది.

మెహర్ ఒక పని చేసింది. రెండు రంగుల కార్డు ఒకటి తయారుచేసి, కళ్లద్దాల్లో పెట్టి, నా ముందుంచింది. "మీరు సినిమా ఎప్పుడూ మొత్తం చూడలేదు. చూస్తారా?"

"ఇప్పుడు కాదు," అన్నాను. చూశాక గింజ పెట్టలేనని భయం వేసింది.

టీ తాగుతూ తను గ్లాసు అంచును వేలితో రుద్దుతూ అడిగింది. "నా కార్డు ఎప్పటికీ పసుపే. మీకు రెండున్నాయి. రేపెప్పుడో ఆకుపచ్చవైపు వెళ్లిపోతే నేనేం కావాలి?"

ఆ ప్రశ్నలో తన మనసులో మాట బయటపడిపోయిందని తనకు ఆలస్యంగా తెలిసింది. చెవి వెనక స్క్రూడ్రైవరు తీసి, మళ్లీ పెట్టుకుంది.

"రఘునందన్‌తో ఉన్న పదేళ్లలో నేను ఎటూ వెళ్లలేదు," అన్నాను. "రెండు కళ్లున్నాయని ఎవరూ ఇద్దరి వెంట పడి నడవరు మెహర్. నేను ఎవరి పక్కన కూర్చుంటే వాళ్ల పక్కనే కూర్చుంటాను. సినిమా అయ్యేదాకా లేవను కూడా. కావాలంటే మా ప్రేక్షకులను అడగండి."

"అడుగుతాను," అంది. టీ రెండోసారి పోసింది.

నిండు భూమి

గాజు కప్పు మీద భూమి నిండుగా, నీలంగా ఉంది. హాలు కిటకిటలాడిపోయింది.

ఇనస్పెక్టరు కామేశం గారు సొంత దిండు చంకలో పెట్టుకుని వచ్చారు. ఊళ్లో కుర్చీలు ఎలా ఉంటాయో ఆయనకు అనుభవమట. ఆయన భర్త ముందు వరసలో పల్లీలు తింటూ కూర్చున్నారు. మొదట ఆపరేటరు పరీక్ష. మీటల మీద మూత తెరిచాను, నూనె వేస్తున్నట్టు నటిస్తూ. గింజ పిడికిట్లో ఉంది. ఒక్క నిమిషం పని.

తరళ రెండో వరసలోంచి నా చేతినే చూస్తోంది.

గింజ జేబులో వేసుకుని మూత పెట్టేశాను. కూర్చున్నాను. హీరో వచ్చాడు, ఆకుపచ్చ. హీరోయిన్ వచ్చింది, పసుపు. హాలంతా చూసింది.

"కుర్చీ చెడింది," అన్నారు కామేశం గారు, కలం తీస్తూ.

"ఆగండి సార్," అంది మెహర్. "నాలుగో పేజీ చదివారు, అయిదో పేజీ తిప్పండి. అనుమానం వచ్చినచో మరి ఇద్దరితో సరిచూడవలెను."

ఆయన పేజీ తిప్పారు. ఉంది. గొణుక్కుంటూ దిండు వేసుకుని తనే కూర్చున్నారు. హీరో మీసం మీద చెయ్యి వేయగానే ఆకుపచ్చ వెలిగింది. ముందు వరసలోంచి ఆయన భర్త, "ఆ మీసాలంటే పడి చస్తారండి ఈయన," అన్నారు. హాలంతా గొల్లుమంది. తర్వాత మెహర్ కూర్చుంది. పసుపు.

"కుర్చీ బాగానే ఉంది," ఒప్పుకున్నారు కామేశం గారు. "అయితే చెడింది ఆపరేటరన్నమాట."

 తరళకు వినబడేలా చెప్పాను. "నేనూ బాగానే ఉన్నానండి. చిన్నప్పటి నుంచీ ఇలాగే ఉన్నాను. రెండూ నావే."

ఆయనకు కోపం రాలేదు, ఇబ్బంది కలిగింది. ఫారం తిప్పి తిప్పి చూశారు. "రెండింటికీ గడి లేదమ్మా. ఆపరేటరుకి ఒకే వాటం ఉండాలని రూలు. మిమ్మల్ని తప్పించి ఇంకొకర్ని పెట్టాల్సొస్తుంది. మిషను నడపడం ఇంకెవరికి వచ్చు?"

అందరూ వెనక్కి చూశారు. గంగరాజు బాబాయ్ చివరి వరసలోంచి లేచాడు. మోకాళ్లు పట్టుకుంటూ వచ్చి, ఎవరూ అడక్కుండానే కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ అందరికీ కనబడేలా ఒళ్లో పెట్టుకున్నాడు. పాట వేశాను. రెండూ వెలిగాయి.

"ముప్పై ఏళ్లు నడిపానండి ఆయ్," అన్నాడు. "సినిమా ఒక్కనాడన్నా తలకిందులుగా ఆడిందేమో అడగండి."

 తరళ రెండో వరసలోంచి నడిచి వచ్చింది. బాబాయ్ లేచి చోటిచ్చాడు. పిల్ల కూర్చుని, నావైపు చూసి, "పాట వెయ్యి పిన్నీ," అంది. వేశాను. రెండూ వెలిగాయి. ఈసారి గోళ్లు కొరుక్కోలేదు.

అందరూ మా అక్క వైపు తిరిగారు. ఆకుపచ్చ లడ్డూల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. నేను దగ్గరికి వెళ్లేలోపే పళ్లెం పక్కన పెట్టి, సంచీలోంచి ఇంకో డబ్బా తీసింది. పసుపు లడ్డూలు.

"నాకు అనుమానంగానే ఉంది," అంది, ఎవరినీ చూడకుండా. "అందుకని రెండూ చేయించాను." తర్వాత నన్ను చూసింది. "నీ పండక్కి అమ్మ కూడా రెండూ చేయించిందే. అవసరం పళ్లేదని పసుపువి లోపల దాచేసింది. వారమంతా నేనే తిన్నాను."

అమ్మకు తెలుసు. అమ్మ పోయి తొమ్మిదేళ్లయింది. ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేది, నేను అడగలేదు, తను నన్ను తొందరపెట్టలేదు. పసుపు లడ్డూ ఒకటి తీసుకుని అక్కడే నిలబడి తిన్నాను. కన్నీళ్లతో ఉప్పగా ఉంది.

కామేశం గారు గడి బయట ఖాళీలో "విచారణలో ఉన్నది" అని రాశారు. ఆయన శాఖలో విచారణలు ఎన్నాళ్లు సాగుతాయో అందరికీ తెలుసు. అంతవరకు ఆపరేటరును కదిలించరాదట. తర్వాత గొంతు సవరించుకుని, "సినిమా ఎప్పుడేస్తారు?" అని అడిగారు.

నిండు భూమి మర్నాడు

నిన్న మెహర్ చేసిన కళ్లద్దాలు పెట్టుకుని, మిషను గదిలోంచి సినిమా చూశాను. పరీక్ష పాట కూడా అందులోదే. ఆరేళ్లుగా రోజూ ఆకుపచ్చ కళ్లద్దాల్లోంచి చూస్తున్న పాట. హీరో చెయ్యి చాపి ఏదో పొగమంచుకు పాడుతున్నాడని అనుకునేదాన్ని. అతను పాడుతున్నంతసేపూ ఆమె నవ్వు ఆపుకోలేక పెదవి కొరుక్కుంటోంది. అతని చొక్కా గుండీ ఒకటి ఊడి ఉంటే వేలితో చూపిస్తోంది. అతను సిగ్గుపడి పాట మరిచిపోయి, మళ్లీ అందుకుంటున్నాడు. ఇద్దరూ ఒకళ్లనొకళ్లు చూసుకుంటున్నారు. అంత చక్కటి సంగతి నా కళ్ల ముందే ఆరేళ్లు జరిగింది. హీరో కోసం ఎగరేసిన కాగితాలు మెల్లగా దిగి దిగి ఆమె తల మీద పడ్డాయి.

తరళకు కార్డు నేనే చేత్తో రాసిచ్చాను. నాకూ ఒకటి రాసుకున్నాను. బాబాయ్ తనకు వద్దన్నాడు, రెండు నిమిషాలాగి ఒకటి తీసుకుని చొక్కా జేబులో పెట్టుకున్నాడు. పొద్దున్నే రెండు రంగుల కళ్లద్దాల కోసం వరస కట్టారు. ఒక్క దీపం వాళ్లు కూడా ఉన్నారు, ఊరికే చూస్తారట. అందరికంటే ముందు కామేశం గారి భర్త ఉన్నారు.

ఆవలిగట్టు బండి వెళ్లిపోయింది. మెహర్ ఎక్కలేదు. స్క్రూడ్రైవరు కనబడలేదట. చెవి వెనకే ఉంది. చెప్పలేదు.

జల్లెడలు దులిపాను. నాలుగు బకెట్లు. మొక్కకు నీళ్లు పోశాను, కొత్త గింజను దాని పక్కనే పాతాను.

ఉదయం పరీక్ష: రెండు దీపాలూ వెలిగాయి. కుర్చీ బాగుంది.